అడవుల నరికివేతను పెద్ద పెట్టుబడి ఫండ్లు ఎలా తగ్గించగలవు?

ఎక్కడో నార్వేలో ఉన్న ఫండ్, ఇండోనేషియాలో చెట్టు కొట్టకుండా ఎలా ఆపుతుందని అడిగారు.

మా అనంతపురంలో బజ్జీల బండి దగ్గర నిలబడి చూడండి. చెనక్కాయలు పండే ఊళ్లోనే బాండలిలో మరిగేది పామాయిల్! మన దేశానికి అది ఎక్కువగా ఇండోనేషియా, మలేషియాల నుంచే వస్తుంది. అక్కడ ఆ తోటల కోసం చాలా అడవి పోయింది.

పామాయిల్ మొక్క కాపుకు రావడానికి మూడు, నాలుగేళ్లు పడుతుంది. అంతవరకూ తోటకు పెట్టుబడి కావాలి. పెద్ద కంపెనీలు దాన్ని షేర్లు, బాండ్లు, బ్యాంకు అప్పుల ద్వారా తెచ్చుకుంటాయి. ఆ షేర్లు, బాండ్లు (అప్పు పత్రాలు) కొనేవాళ్లలో పెద్ద ఫండ్లూ ఉంటాయి కాబట్టి, వాటి చేతికి పగ్గం దొరికేది అక్కడే.

నార్వే ప్రభుత్వ పెన్షన్ ఫండ్ 2012లో 23 పామాయిల్ కంపెనీల షేర్లు అమ్మేసింది. 2020లో సుమారు 3.7 లక్షల కోట్ల డాలర్ల ఆస్తులు చూసే 29 ఆర్థిక సంస్థలు, అమెజాన్ అడవి నరికివేత ఆపమని బ్రెజిల్ ప్రభుత్వానికి లేఖ రాశాయి.

అయితే అమ్మేసి చేతులు దులుపుకుంటే చాలదని నా అభిప్రాయం. అడవి గోడు పట్టనివాళ్లు ఆ షేర్లు కొనుక్కుంటారు. షేరు ఉంచుకుని, ఏజీఎంలో (కంపెనీ ఏటా జరిపే వాటాదారుల సమావేశంలో) ఓటేసి, "మీ మిల్లుకు గెలలు ఏ తోట నుంచి వచ్చాయో చూపించండి, శాటిలైట్ ఫొటోలతో సరిచూస్తాం" అని పట్టుబట్టాలి. గడువు ఇచ్చినా చూపించకపోతే అప్పుడు అమ్మాలి. కొత్తగా అప్పు ఇచ్చేటప్పుడైతే ఆ షరతు ఒప్పందంలోనే రాయించుకోవచ్చు.