ఖజానా లేని కాంగ్రెస్‌కు అప్పు ఎలా పుట్టింది?

ప్రశ్న: అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో అక్కడి కాంగ్రెస్‌కు పన్ను విధించే అధికారమే లేదని చదివాను. అటువంటి సభను నమ్మి అప్పిచ్చినవారెవరు? ఏ భరోసాతో ఇచ్చారు?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: మొదట్లో కాంగ్రెస్ అప్పుకన్నా అచ్చుయంత్రాన్నే ఎక్కువ నమ్ముకుంది. 1775 జూన్‌లో 20 లక్షల డాలర్ల కాగితపు నోట్లతో మొదలైన ముద్రణ 1779 చివరికి 20 కోట్లు దాటింది. పన్నులు వేసి ఈ నోట్లను వెనక్కు రాబట్టవలసిన రాష్ట్రాలు ఆ పని సరిగా చేయకపోగా, తమ సొంత నోట్లను కూడా చలామణిలోకి వదిలాయి. బ్రిటిష్‌వారు దొంగనోట్లు గుప్పించిన మాట నిజమే గాని, అసలు నోట్లు చేసిన చేటే ఎక్కువని నా అభిప్రాయం. 1780 మార్చిలో 40 కాగితపు డాలర్లు ఒక వెండి డాలరుకు సమానమని కాంగ్రెసే ప్రకటించవలసి వచ్చింది.

ఇక అప్పు సంగతి. 1776 అక్టోబరులో 4 శాతం వడ్డీకి రుణపత్రాలు అమ్మజూపితే కొనేవారు కరవయ్యారు. కొన్ని నెలలకే వడ్డీని 6 శాతానికి పెంచినా పెద్దగా ఫలితం లేకపోయింది. చివరకు 1777 సెప్టెంబరులో, ఆ వడ్డీని పారిస్‌లో చెల్లుబాటయ్యే హుండీల (చూపినవారికి సొమ్ము చెల్లించమనే వర్తకపు పత్రాల) రూపంలో ఇస్తామని కాంగ్రెస్ తీర్మానించాకనే డబ్బున్నవారు ముందుకు వచ్చారు. ఆ హుండీలకు సొమ్ము ఫ్రెంచి రాజు చేస్తున్న సాయంలో నుంచి రావలసిందే కనుక, అప్పిచ్చినవారు నమ్మింది ఫిలడెల్ఫియాలోని కాంగ్రెస్ సభను కాదు, ఫ్రాన్స్ ఖజానాను. ఆ ఖజానా కూడా అప్పులమయమేనన్నది వేరే కథ.

1781లో ఆర్థిక వ్యవహారాలు చేపట్టిన వర్తకుడు రాబర్ట్ మోరిస్ తన సొంత సంతకంతో జారీ చేసిన నోట్లకు, కాంగ్రెస్ నోట్లకు లేని విలువ దక్కింది. దిగుమతులపై 5 శాతం సుంకానికి పదమూడు రాష్ట్రాల సమ్మతీ కావలసి ఉండగా, 1782లో రోడ్ ఐలండ్ ఒక్కటే నిరాకరించడంతో ఆ ప్రయత్నం ఆగిపోయింది. అదే ఏడాది అమెరికా రాయబారి జాన్ ఆడమ్స్ ఆమ్‌స్టర్‌డామ్‌లో 5 శాతం వడ్డీకి 50 లక్షల గిల్డర్ల (డచ్చి నాణేల) రుణం కుదుర్చుకున్నాడు. అప్పటికి యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సేన లొంగిపోయి నెలలు గడిచాయి.

మీ ప్రశ్నలో లేని రుణదాతలు మరికొందరున్నారు. జీతానికి బదులు చీటీలు పుచ్చుకున్న సైనికులు, ధాన్యానికి రసీదులు పుచ్చుకున్న రైతులు ఏ భరోసా అడిగే వీలూ లేకుండానే అప్పిచ్చారు. వారిలో చాలామంది ఆ కాగితాలను అయినకాడికి వ్యాపారులకు అమ్ముకున్నారు. పన్ను వేసే అధికారం గల కొత్త ప్రభుత్వం వచ్చి, 1790లో పాత బాకీలు తీర్చడానికి పూనుకున్నప్పుడు, ఆ తొలి హక్కుదారులకూ కొంత వాటా ఇవ్వాలని సభ్యుడు జేమ్స్ మాడిసన్ ప్రతిపాదించగా ప్రతినిధుల సభ తోసిపుచ్చింది.