ఫోను నాది, మెయిల్ ఆఫీసుది: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది మందుల పంపిణీ సంస్థ. అరవై మంది సిబ్బంది సొంత ఫోన్లలోనే ఆఫీసు మెయిలు, ఆర్డర్ల యాప్ వాడుతున్నారు. సెక్యూరిటీ పాలసీ తెచ్చి ఒక యాప్ వేసుకోమంటే పదకొండు మందే వేసుకున్నారు. 'మా ఫొటోలు చూస్తారు, ఫోను మొత్తం చెరిపేస్తారు' అని మిగతావాళ్ల గొడవ. జీతం ఆపుతామని చెప్పాలా?
– హెచ్.ఆర్. మేనేజర్, విజయవాడ

జవాబు: జీతం ఆపితే యాప్ వేసుకుంటారు. ఆ తర్వాత ఆఫీసు ఫైళ్లను వాట్సాప్‌లో తమకు తామే పంపుకుంటారు, అది మీ కంటికి కనబడదు. కాబట్టి బెదిరింపు వద్దు.

వాళ్ల భయం ఉత్తిది కాదు. ఆండ్రాయిడ్‌లో పాత 'డివైస్ అడ్మిన్' పద్ధతిలో ఆఫీసు నుంచి ఒక్క ఆదేశంతో ఫోను మొత్తం ఖాళీ చేయొచ్చు. మీ ఐటీ వాళ్లు ఏ పద్ధతి పెట్టారో ముందు కనుక్కోండి. సొంత ఫోన్లకు సరైనది 'వర్క్ ప్రొఫైల్'. 2014లో ఆండ్రాయిడ్ 5తో వచ్చింది. ఆఫీసు యాప్‌లు బ్రీఫ్‌కేసు గుర్తుతో వేరే అరలో ఉంటాయి. ఆఫీసుకు తెలిసేది ఫోను మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, సెక్యూరిటీ ప్యాచ్ (భద్రతా అప్‌డేట్) తేదీ, ఆ అరలోని యాప్‌లు. సొంత ఫొటోలు, మెసేజ్‌లు, కాల్ జాబితా, సొంత యాప్‌లు కనబడవు. చెరిపినా ఆ అర ఒక్కటే పోతుంది. ఉద్యోగి సాయంత్రం ఆఫీసు అవగానే ఆ అరను ఒక్క మీటతో ఆపుకోవచ్చు. ఈ ఒక్క ముక్క వినగానే సగం గొడవ సద్దుమణుగుతుంది. ఐఫోన్లలో ఇలాంటిదే 'యూజర్ ఎన్‌రోల్‌మెంట్', 2019లో ఐఓఎస్ 13తో వచ్చింది. అందులో ఫోను మొత్తం చెరిపే వీలే లేదు.

సర్క్యులర్ పంపితే ఎవరూ నమ్మరు, చేసి చూపించాలి. ఒక పాత ఫోనులో నాలుగు ఫొటోలు, వాట్సాప్ పెట్టి అందరి ముందు వర్క్ ప్రొఫైల్ వేయండి. ఐటీ వాళ్ల కంప్యూటర్ తెరను ప్రొజెక్టర్ మీద చూపించి, అందరికంటే గట్టిగా గొడవ చేస్తున్న మనిషినే పిలిచి 'ఫొటోలు ఎక్కడున్నాయో వెతకండి' అనండి. తర్వాత అక్కడే వైప్ (దూరం నుంచి చెరిపేసే ఆదేశం) నొక్కండి. బ్రీఫ్‌కేసు యాప్‌లు పోయి ఫొటోలు మిగలడం అందరూ కళ్లారా చూస్తారు. ఇరవై నిమిషాల పని. అదే సమావేశంలో వాట్సాప్‌లో తిరిగే పెళ్లి పత్రిక, ట్రాఫిక్ చలానా పేరిట వచ్చే ఏపీకే ఫైళ్లు (నొక్కితే ఫోనులో యాప్ వేసేవి) ఓటీపీలు ఎలా కాజేస్తాయో, డబ్బు పోతే వెంటనే 1930కి ఎందుకు ఫోన్ చేయాలో చెప్పండి. సొంత బ్యాంకు ఖాతాకు పనికొచ్చే మాట అయితే ఎవరైనా చెవి ఒగ్గుతారు.

మొదటి రోజు ఎండీ ఫోనులో వేయండి. 'సార్‌కి మినహాయింపు' అన్న మాట బయటికొస్తే పాలసీ అక్కడికక్కడే చచ్చిపోతుంది.

అడిగేవి తగ్గించండి. నాలుగంకెల పిన్‌కు పదివేల కలయికలే, ఆరంకెలకు పది లక్షలు, కాబట్టి ఆరు అడగండి. కానీ ఆ తాళం ఆఫీసు అరకే పెట్టండి, ఫోను మొత్తానికి వద్దు. ఇంట్లో పిల్లలు ఆటలకు ఫోను తీసుకుంటారు, అది ఆగదు. కెమెరా ఆపడం, సొంత యాప్‌లు నిషేధించడం జోలికి పోకండి.

మొదటి వారంలోనే పాలసీని ముంచేది బ్యాటరీ సేవర్. షావోమి, వివో, ఒప్పో వంటి ఫోన్లు తెర వెనుక నడిచే యాప్‌లను ఆపేస్తాయి. ఆర్డర్ నోటిఫికేషన్ రాక సేల్స్ కుర్రాడు తిట్లు తింటాడు, యాప్ పీకేస్తాడు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఆ యాప్‌లకు బ్యాటరీ 'నో రిస్ట్రిక్షన్స్' పెట్టించండి.

ఇంకొకటి. సేల్స్ వాళ్ల హాజరుకు జీపీఎస్ కావాలంటే దానికి వేరే కాగితం, వేరే సంతకం. సెక్యూరిటీ పేరుతో దాన్ని దూర్చితే మీరు చెప్పిన మిగతావీ నమ్మరు.

ప్రశ్న: బస్సులో ఫోను పోయింది. మెమో ఇస్తారని భయపడి రెండు రోజుల తర్వాత ఆఫీసులో చెప్పాను. అంత ఆలస్యం వల్ల ఏమవుతుంది?
– ప్రైవేటు ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: వైప్ ఆదేశం అందాలంటే ఫోనుకు నెట్ ఉండాలి. దొంగ సిమ్ తీసేస్తే ఆదేశం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. అందుకే మొదటి ఫోన్ కాల్ ఐటీకే. ఆ వెంటనే సిమ్ బ్లాక్ చేయించండి, ఓటీపీలు దాని మీదే వస్తాయి. తర్వాత పోలీసు ఫిర్యాదు, దాని కాపీతో టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ (ప్రతి ఫోనుకూ ఉండే గుర్తింపు నంబరు) బ్లాక్. ఈ వరుస తిరగేయకండి. ఐఎంఈఐ బ్లాక్ అయ్యాక ఫోనుకు మొబైల్ నెట్‌వర్క్ దొరకదు, వైఫై కూడా లేకపోతే వైప్ ఆదేశమూ చేరదు. కొత్త ఫోను కొనగానే *#06# నొక్కి ఆ ఐఎంఈఐ నంబరు ఎక్కడైనా రాసి పెట్టుకోండి.

సంస్థకూ గడువుంది. సమాచారం బయటికి పొక్కడం లాంటి ఘటన తమ దృష్టికి వచ్చిన 6 గంటల్లో తెలియజేయాలని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలిచ్చింది. అందుకే యాజమాన్యాలకు మా సలహా: ఫోను పోయినందుకు మెమో ఉండదని పాలసీలోనే రాయండి. ఉంటుందంటే అందరూ ఈ ప్రశ్న అడిగిన ఉద్యోగిలాగే ఆగుతారు.

ప్రశ్న: ఆఫీసు వైఫైలో సొంత ఫోను వాడితే ఏం చూస్తారు?
– పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఏ సైట్‌కు వెళ్లారో మామూలుగా తెలుస్తుంది, అందులో ఏం చదివారో తెలియదు. అయితే ఆఫీసు ఇచ్చిన డిజిటల్ సర్టిఫికెట్‌ను (ఏ సైట్‌ను నమ్మాలో ఫోనుకు చెప్పే ఫైలు) ఫోనులో సొంత వైపు వేసుకుంటే లోపలిదీ చదివే దారి తెరుచుకుంటుంది. అది అడిగితే ఎందుకో రాతపూర్వకంగా అడగండి, సొంత పనులకు మొబైల్ డేటా వాడండి.