భారతదేశపు పండ్ల దిగుమతులు నిజంగా ఏటేటా పెరుగుతున్నాయా? మన రైతుకు నష్టమేనా?

వాణిజ్య శాఖ పట్టికల్లో పండ్ల దిగుమతి విలువ ఇరవై ఏళ్లుగా ఎగబాకుతూనే ఉన్నదని, ఆ లెక్కన మన రైతు పండించిన పండుకు గిరాకీ పోతున్నట్టేనా అని మీరు అడిగారు. వరంగల్ లక్ష్మీపురం మార్కెట్‌లో మా నాన్నగారి కాలం నుంచీ పండ్ల టోకు వ్యాపారం ఉన్న కుటుంబం మాది. ఆ దుకాణపు ఖాతా పుస్తకాలు రాసిన అనుభవంతో నాకు తెలిసినంత చెబుతాను.

మీరు చూసినది బహుశా కస్టమ్స్ వర్గీకరణలోని 8వ అధ్యాయం మొత్తం. ఆ అధ్యాయంలో పండ్లు మాత్రమే కాదు, గింజలు కూడా ఉంటాయి. ఆఫ్రికా దేశాల నుంచి వచ్చే ముడి జీడిపిక్కలు, కాలిఫోర్నియా బాదం ఆ మొత్తంలో చాలా పెద్ద భాగం. కాబట్టి ఒక ఏడాది గీత పైకి లేచిందంటే పలాస వంటి చోట్ల కర్మాగారాలు జీడిపిక్కలు ఎక్కువగా కొన్నాయని కావచ్చు గాని, వరంగల్‌లో జనం ఆపిల్ ఎక్కువగా తిన్నారని కాకపోవచ్చు. ఆపిల్, పియర్ కావాలంటే 0808, నారింజ జాతికి 0805, ఖర్జూరానికి 0804, కివీకి 0810 శీర్షికల కింద విడివిడిగా చూడాలి. రూపాయల్లో చూస్తే మారకపు రేటు పడిపోయినంత మేరకు కూడా విలువ పెరిగినట్టు కనిపిస్తుంది గనుక టన్నుల వరుసను పక్కన పెట్టుకోకుండా ఏ నిర్ణయానికీ రాకూడదు.

ఇక ఆపిల్ సంగతి. మా పాత పుస్తకాల్లో కాశ్మీర్, సిమ్లా అనే రెండు పేర్లు తప్ప మూడోది లేదు. దిగుమతులపై మిగిలి ఉన్న పరిమాణ ఆంక్షలు 2001 ఏప్రిల్ నాటికి తొలగిపోయి, ఆపిల్‌పై 50 శాతం సుంకం మాత్రమే అడ్డుగోడగా మిగిలింది. అంత సుంకం కట్టి కూడా అమెరికా పండు ఇక్కడికి చేరింది. మా దగ్గర దాన్ని బరువుతో కాకుండా కౌంట్‌తో కొంటాం. పెట్టెలో ఎన్ని కాయలు పడతాయో అదే కౌంట్, కాబట్టి అంకె పెరిగితే కాయ చిన్నదని అర్థం. ఆ తరువాత ఒక్కొక్క కాయకు ఫోమ్ వల తొడిగిన చైనా ఫ్యూజీ రకం ఆపిల్ వచ్చి కొన్నేళ్లు మార్కెట్‌ను ఏలింది. కాయల వెంట తెగుళ్లు, పురుగులు వస్తున్నాయన్న కారణంతో 2017లో చైనా ఆపిల్, పియర్ దిగుమతిని మన దేశం నిలిపివేసింది. అయినా బండ్ల మీద ఆపిల్ తగ్గలేదు, స్టిక్కర్ మాత్రమే మారింది.

దీనికంటే స్పష్టమైన ఉదాహరణ 2019లో కనిపిస్తుంది. ఉక్కు, అల్యూమినియంపై అమెరికా వేసిన సుంకాలకు బదులుగా మన ప్రభుత్వం ఆ ఏడాది జూన్‌లో అమెరికా ఆపిల్‌పై మరో 20 శాతం వడ్డించింది. ప్రభుత్వం తరువాత ప్రకటించిన లెక్కల ప్రకారం 2018-19లో 1,27,908 టన్నులుగా ఉన్న అమెరికా ఆపిల్ 2022-23 నాటికి 4,486 టన్నులకు పడిపోయింది. విలువలో చెప్పాలంటే 14.5 కోట్ల డాలర్లు 52.7 లక్షల డాలర్లయ్యాయి. ఇదే కాలంలో మిగతా దేశాల ఆపిల్ 16 కోట్ల డాలర్ల నుంచి 29 కోట్ల డాలర్లకు పెరిగింది. కూడి చూడండి: మొదట 30.5 కోట్లు, చివర 29.5 కోట్లు. ఒక దేశపు పండు దాదాపు మాయమైనా దేశం మొత్తం కొన్న ఆపిల్ విలువ పెద్దగా కదలలేదు. ఆ ఖాళీని టర్కీ, ఇటలీ, చిలీ, ఇరాన్, న్యూజిలాండ్ పంచుకున్నాయి. అదనపు 20 శాతాన్ని 2023 సెప్టెంబర్‌లో ఎత్తివేశారు.

ఈ మార్పును నేను పట్టికల్లో చదవడానికి ముందే నష్టపోయి తెలుసుకున్నాను. 2020 చలికాలంలో హైదరాబాద్‌లోని ఒక టోకు వ్యాపారికి ఫోన్ చేసి నలభై పెట్టెల వాషింగ్టన్, అంటే అమెరికా ఆపిల్, పంపమన్నాను. వచ్చిన పెట్టెలు విప్పితే ప్రతి కాయ మీదా టర్కీ స్టిక్కర్ ఉంది. అడిగితే, ‘ఎర్రగా నిగనిగలాడే విదేశీ కాయనంతా వాషింగ్టన్ అనే అంటాం గదా సార్’ అన్నాడు. వాషింగ్టన్ ధర చెల్లించి టర్కీ ధరకు అమ్ముకోవలసి వచ్చింది. అయితే అతను పూర్తిగా అబద్ధం చెప్పలేదు. మా కొనుగోలుదారుల్లో ఎక్కువమందికి ఈనాటికీ అది వాషింగ్టనే.

2023 మేలో వచ్చిన మరో నిబంధనను కూడా గుర్తుంచుకోవాలి. ఓడరేవుకు చేరేసరికి కిలో ధర 50 రూపాయలకు మించని ఆపిల్‌ను, భూటాన్‌కు మినహాయింపునిచ్చి, దేశంలోకి రానివ్వకూడదన్నారు. చౌక పండును ఆపడమే దీని ఉద్దేశం. అందువల్ల ఆ తరువాతి ఏళ్లలో టన్నుకు సగటు విలువ పెరిగినట్టు కనిపిస్తే, జనం ఖరీదైన రకాలకు మళ్లారని వెంటనే అనుకోవద్దు.

ఏడాది మొత్తాన్ని ఒకే అంకెగా చూడడంలో ఇంకొక చిక్కు ఉంది. ఆగస్టు నుంచి కాశ్మీర్ లారీలు దిగుతున్నప్పుడు విదేశీ పెట్టెను అడిగేవారు తక్కువ. చిలీ, న్యూజిలాండ్ భూమికి దక్షిణార్ధంలో ఉన్నందున అక్కడి కోత మన ఎండాకాలానికి అందుతుంది, అంటే సరిగ్గా మన దగ్గర కొత్త ఆపిల్ లేని నెలలకు. ఆ నెలల్లో వచ్చే కాయ పోటీ పడేది తోటలోని పండుతో కాదు, శీతల గిడ్డంగిలో దాచిన కాశ్మీర్ పండుతో. కాశ్మీర్, హిమాచల్ రైతులు సుంకం తగ్గించవద్దని గట్టిగా అడగడానికి ఇది ఒక ప్రధాన కారణమని నా అభిప్రాయం.

ఖర్జూరానికి రంజాన్ ఒక్కటే లెక్క. ఆ నెలకు ముందు మండి బజార్‌లో ఇరాక్, ఇరాన్ డబ్బాలు గుట్టలుగా చేరతాయి. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది గనుక నెలవారీ పట్టికల్లో ఖర్జూరపు శిఖరం కూడా జరుగుతూ ఉంటుంది. కివీకి మాత్రం మా ఊళ్లో పండుగతో పని లేదు, జ్వరాల కాలం చాలు. వానాకాలంలో డెంగీ ముదిరితే ఎంజీఎం ఆసుపత్రి దారిలోని బండ్లన్నింటి మీదా కివీ, డ్రాగన్ ఫ్రూట్ కనిపిస్తాయి. వాటివల్ల ప్లేట్‌లెట్లు పెరుగుతాయో లేదో డాక్టర్లు చెప్పాలి, ధర పెరగడం మాత్రం నేను కళ్లారా చూశాను.

మన రైతు సంగతికి వస్తే, తెలంగాణలో ఆపిల్ వాణిజ్య పంట కాదు గనుక ఆ పోటీ నేరుగా ఇక్కడి రైతును తాకదు. జగిత్యాల మామిడి ఇప్పటికీ ఉత్తరాది లారీలు ఎక్కుతూనే ఉంది. నాకు నిజంగా అనుమానం ఉన్నది బత్తాయి గురించి. ఈజిప్ట్, దక్షిణాఫ్రికా నారింజ బండి మీద పక్కనే ఉంటే, మచ్చలున్న నల్లగొండ బత్తాయిని కొనేవారు జ్యూస్ దుకాణాలవారే తప్ప ఇంటికి తీసుకెళ్లేవారు తగ్గుతున్నారు. డ్రాగన్ ఫ్రూట్ కథ ఇందుకు పూర్తిగా తిరగబడింది. మేము మొదట అమ్మినవి వియత్నాం పెట్టెలే. ఇప్పుడు సీజన్‌లో చుట్టుపక్కల జిల్లాల రైతులు ప్లాస్టిక్ ట్రేలలో తామే తెచ్చి వేలానికి పెడుతున్నారు, ఆ నెలల్లో నేను వియత్నాం పెట్టెకు ఫోన్ చేయడం మానేశాను.