స్టిఫ్ షాఫ్ట్ కొనేశా, బాల్ లేవట్లేదు!

ప్రశ్న: అన్నా, నాకు 52 ఏళ్లు, గోల్కొండ దగ్గర గోల్ఫ్ కోర్సులో ఈమధ్యే మొదలుపెట్టా. ఫ్రెండ్ మాట విని స్టిఫ్ షాఫ్ట్ (తక్కువ వంగే గట్టి కడ్డీ) ఉన్న డ్రైవర్ (దూరం కొట్టే క్లబ్) కొన్నా, బాల్ కిందనే పోతోంది, అదీ కుడివైపుకే. స్వింగ్ స్పీడ్ (క్లబ్ ఊపే వేగం) గంటకి 80 మైళ్లు చూపించింది. తప్పు నాదా, క్లబ్‌దా?
— కొండాపూర్ పాఠకుడు

జవాబు: ఎక్కువ తప్పు మీ ఫ్రెండ్‌ది తమ్ముడూ! స్టిఫ్ అనేది సుమారుగా 95 మైళ్లు దాటినోళ్లకి, మీ 80కి ఇంకా ఎక్కువ వంగే సీనియర్ ఫ్లెక్సో (ఫ్లెక్స్ అంటే షాఫ్ట్ వంగే గుణం), మెత్తటి రెగ్యులరో చాలు, పేరు చూసి ఫీలవ్వకండి, అది వయసు లెక్క కాదు స్పీడ్ లెక్క, పైగా ఒక కంపెనీ రెగ్యులర్ ఇంకో కంపెనీ రెగ్యులర్‌లా ఉండదు కాబట్టి కొట్టి చూడకుండా కొనొద్దు. లాఫ్ట్ (క్లబ్ ముఖం వెనక్కి వాలిన కోణం) కూడా 9 డిగ్రీలైతే మార్చండి, 10.5 కానీ 12 కానీ తీసుకుంటే బాల్ దానంతటదే లేస్తుంది. కుడికి పోవడానికి గ్రిప్ (క్లబ్ పట్టుకునే తీరు) కూడా కారణం కావచ్చు, అది కోచ్‌కి చూపించండి.