నవలలోని సీతారామారావు, ఇంట్లో చెప్పని హామీ

ప్రశ్న: నాకు నలభై ఏళ్లు. ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. పేరున్న పాత తెలుగు నవలలన్నీ వరుసగా చదవాలని మొదలుపెట్టాను. ‘అసమర్థుని జీవయాత్ర’ చదివాక అది నా కథే అనిపించి నిద్ర పట్టడం లేదు. బావమరిది అప్పుకు హామీ సంతకం పెట్టిన సంగతి నా భార్యకు చెప్పలేదు. ఆమె పుస్తకాలు మానేయమంటోంది. మానేయాలా?

జవాబు: మీ ఉత్తరాన్ని ఇక్కడ కుదించాము గాని, అసలు ఉత్తరంలో గోపీచంద్ నవల గురించి నాలుగు పేజీలున్నాయి, అప్పు గురించి ఒక్క వాక్యమే ఉంది. నన్ను ఆపింది ఆ వాక్యమే.

ఆ నవలలోని కథానాయకుడు సీతారామారావు వంశప్రతిష్ఠ పేరుతో ఆస్తిని కరగబెట్టుకున్నాడు, నిజమే. అయితే ఆ తర్వాత కూడా అతనికి బతికే దారి ఉండింది. జరిగిన ప్రతిదానికీ ఒక సిద్ధాంతం అల్లుకుంటూ, తనను తాను ఎంతగానో తవ్వుకుంటూ, పక్కనున్న భార్యతో మాత్రం మనసు విప్పి మాట్లాడలేకపోవడం వల్లనే అది మూసుకుపోయిందని నాకనిపిస్తుంది. మీరు నాలుగు పేజీలు రాసి అడగగలిగారు కనుక ఆ పోలిక మీకు పూర్తిగా అతకదు. పోలికే కావాలంటే రావిశాస్త్రి ‘అల్పజీవి’లోని గుమస్తా సుబ్బయ్యను చూడండి. బావమరిది కోసం కాంట్రాక్టరు గవరయ్య దగ్గర డబ్బు తెచ్చి, ఆపైన అతడు పడిన భయం ఆ అప్పుకంటే పెద్దది.

ముందు అప్పు కాగితాలు తెచ్చుకొని, అసలెంత, వడ్డీ ఎంత, ఎన్ని వాయిదాలు తప్పాయో చూసుకోండి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవారి బాధ్యతతో సమానం. అందువల్ల నోటీసు నేరుగా మీ ఇంటికే రావచ్చు; అప్పుడు ఈ సంగతి మీ భార్యకు మీకంటే ముందు పోస్టుమాన్ చెప్పినట్టవుతుంది. బావమరిది ఆమె తోడబుట్టినవాడు కాబట్టి నోరు రావడం లేదని రాశారు. కాని వాయిదాలు కట్టమని అతణ్ని గట్టిగా అడగగల మనిషి కూడా ఆమే కదా! ఈ ఆదివారం పిల్లలు లేని వేళ చూసి, కాగితాలు ముందు పెట్టి చెప్పండి. ఆమె కోపగించుకుంటే సమర్థించుకోవద్దు.

నిద్రలేమి ఇలాగే సాగితే మానసిక వైద్యుణ్ని కలవండి. చావు ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకుండా 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ ఉచిత సేవ, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇక పుస్తకాలు మానవలసిన పని లేదు. అవి మీ ఇద్దరి మధ్య మౌనానికి సాకుగా మారాయని ఆమెకు తెలిసింది, అంతే. మీ జాబితాలో తరువాతిదైన ‘చివరకు మిగిలేది’ని మాత్రం కొన్నాళ్లు పక్కన పెట్టండి, బుచ్చిబాబు రాసిన ఆ నవలలోని దయానిధి తొందరపెట్టే మనిషి కాడు. వరుస తప్పితే అడిగే పరీక్షాధికారి ఎవరూ లేరు కనుక, మొక్కపాటి ‘బారిస్టర్ పార్వతీశం’ తీసుకొని, వీలైతే ఆమెకు వినిపించేలా పైకి చదవండి. మొగల్తూరు నుంచి ఆ పార్వతీశం కూడా ఇంట్లో చెప్పకుండానే బయలుదేరాడు లెండి, కాబట్టి ఆ పుస్తకం విప్పేది అప్పు సంగతి చెప్పాకనే.