తాతయ్య తుపాకీ పుట్టుపూర్వోత్తరాలు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

మీ తాతయ్య జోడు గొట్టాల తుపాకీ అటక మీద దొరికిందని, అది ఎక్కడిదో తెలుసుకోవాలని ఉందని రాశావు. చాలా సంతోషం వేసింది. కానీ ముందు దాన్ని ముట్టుకోకు. లోపల తూటా ఉందేమో ఎవరికి తెలుసు? పైగా ఆయన పోయాక లైసెన్సు ఎవరి పేరు మీదికీ మారలేదంటే, దాన్ని ఇంట్లో ఉంచుకోవడమే 1959 ఆయుధాల చట్టం కింద నేరం. స్టేషన్‌కి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పు. వాళ్లు చెప్పిన పద్ధతిలోనే స్టేషన్లోనో, లైసెన్సున్న తుపాకుల షాపులోనో అప్పగించి రసీదు తీసుకో. వారసులు లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, టెన్షన్ పడకు.

షాపతను గొట్టాలు విడదీసినప్పుడు నువ్వు పక్కన ఉండు. అందరూ ముందు చూసేది రెండు గొట్టాల మధ్య పట్టీ మీద చెక్కిన పేరు. దాన్ని వెంటనే నమ్మకు. చాలాసార్లు అది అమ్మినవాళ్ల పేరు. కలకత్తాలో మాంటన్, రోడా కంపెనీలు ఇంగ్లండు తుపాకులు తెప్పించి అమ్మేవి. అసలు సంగతి గొట్టాల అడుగున, తూటా పెట్టే చోటికి దగ్గరగా, గొట్టం గట్టిదనం పరీక్షించాక కొట్టిన చిన్న చిన్న ముద్రల్లో ఉంటుంది. కిరీటం కింద బీపీ, బీవీ అక్షరాలుంటే అది బర్మింగ్‌హామ్‌లో 1904 - 1954 మధ్య పరీక్షించిన గొట్టం. ‘నాట్ ఫర్ బాల్’ (ఒంటి గుండు పేల్చడానికి కాదు) అని ఉంటే ఇంకా పాతది, 1875 - 1887 నాటిది. కోడిగుడ్డు ఆకారంలో ఈఎల్‌జీ అక్షరాలుంటే బెల్జియంలోని లీజ్ ఊరి ముద్ర. టార్చి ఏటవాలుగా వేసి ఫొటోలు తీస్తే అరిగిన ముద్రలు కూడా కనబడతాయి.

తుప్పు వదిలిద్దామని మాత్రం చూడకు. ముప్పై ఏళ్ల వయసులో మా తాత తుపాకీని ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్దాను. ముద్రలు సగం పోయాయి. ఆ బాధ ఇప్పటికీ ఉంది. గొట్టం మీద చీర అంచు అల్లికలాంటి గీతలుంటే, ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి అతికిన పాత గొట్టమది. అందులో ఇప్పటి తూటాలు పేల్చడం ప్రాణాపాయం.

నన్ను చివరికి ఆదుకున్నది పాత లైసెన్సు పుస్తకం. తుపాకీ రకం, నంబరు అందులో రాసి ఉన్నాయి. మీ తాతయ్య పెట్టెలో కాగితాలన్నీ వెతుకు. నిజాం కాలంవైతే ఉర్దూలో ఉంటాయి, చదవగల పెద్దవాళ్లకి చూపించు. నంబరు దొరికాక తయారీదారుకి ఉత్తరం రాయి. వెస్ట్‌లీ రిచర్డ్స్ లాంటి కంపెనీల దగ్గర పాత ఖాతా పుస్తకాలు ఇంకా ఉన్నాయి.

వీటన్నిటికన్నా ముందు నానమ్మ దగ్గరికి వెళ్లు. తుపాకీ ఏ సంవత్సరంలో వచ్చిందని అడిగితే ఆవిడ చెప్పలేకపోవచ్చు. రజాకార్ల గొడవకి ముందా, తర్వాతా? అప్పటికి మీ నాన్న పుట్టాడా? వేటకి వెంట ఎవరు వెళ్లేవాళ్లు? 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చింది కదా, తుపాకీ అటకెక్కింది అప్పుడేనా? ఇలా అడుగు. ఆవిడతో చెప్పి, మాటలు ఫోన్లో రికార్డు చెయ్యి. ఈ ఆదివారమే వెళ్లు.

గొట్టాల అడుగు ఫొటోలు తీయగానే నాకు పంపు.

నీ మామయ్య