600 కిలోమీటర్ల బ్రెవేకి బయల్దేరుతున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

బ్రెవే అంటే గడువులోపల సైకిల్ మీద పూర్తిచేయాల్సిన దూరప్రయాణం. 200, 300, 400 కిలోమీటర్లవి వరసగా పూర్తిచేసి వచ్చావు కాబట్టి కాళ్ల గురించి నీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. 600లో ముందుగా చేతులెత్తేసేవి కాళ్లు కావు. వృథాగా పోయే సమయం, మొద్దుబారే వేళ్లు, మొరాయించే కడుపు, ముంచుకొచ్చే నిద్ర, ఇవీ అసలు గండాలు.

ముందు సమయం లెక్క చూడు. నీకున్నవి 40 గంటలు. దారిలో సగటున గంటకు 20 కిలోమీటర్లు తొక్కితే ప్రయాణానికే 30 గంటలు పడుతుంది. మిగిలే 10 గంటల్లోనే తిండి, నిద్ర, పంక్చర్లు, ఎదురుగాలి, దారి తప్పడం అన్నీ సరిపెట్టుకోవాలి. పావుగంట చొప్పున 20 సార్లు ఆగావంటే 5 గంటలు ఎగిరిపోయినట్టే. ఆ 5 గంటలు తొక్కి సంపాదించాలంటే సగటు 24కు పెరగాలి. అది రెండో రోజు ఒళ్లు హూనమయ్యాక అయ్యే పని కాదు. అందుకే వేగం పెంచాలని చూడకు, ఆగడం తగ్గించు. కంట్రోల్, అంటే దారిలో నీ కార్డు మీద స్టాంపు వేసే చోటు, ఇంకా రెండు కిలోమీటర్లుందనగానే చేయాల్సినవి వరసగా అనుకో: ముందు కార్డు మీద స్టాంపు, తర్వాత సీసాల్లో నీళ్లు, బాత్‌రూమ్, జేబుల్లోకి తిండి. కుర్చీలో కూర్చోవడం అన్నిటికన్నా చివర. నమిలి మింగగలిగినదేదైనా సైకిల్ మీదే తినొచ్చు.

తిండి విషయంలో ఆకలి వేసేదాకా ఆగావంటే అప్పటికే ఆలస్యమైపోయినట్టు. మొదటి గంట నుంచే గంటకు 50 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి. ఒక మాదిరి అరటిపండులో సుమారు 25 గ్రాములుంటుంది, ఆ లెక్కన చూసుకో. ఫోన్‌లో ప్రతి 20 నిమిషాలకూ అలారం పెట్టుకుని, మోగినప్పుడల్లా నాలుగు ముక్కలు, రెండు గుక్కలు. నీళ్లు ఎండను బట్టి గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు. ఉత్త నీళ్లే పదేపదే తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. వేళ్లు ఉబ్బి గ్లవ్స్ బిగుసుకుపోవడం, తలనొప్పి, వికారం కనిపిస్తే ఇంకా నీళ్లు పోసుకోకు. తాగడం తగ్గించి ఉప్పున్నది తిను. మాట తడబడినా, తికమకగా ఉన్నా రైడ్ మానేసి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఎండలో ఎత్తు మీద బలంగా తొక్కితే రక్తమంతా కండరాలకూ చర్మానికీ పోతుంది. కడుపుకి చాలినంత అందదు, తిన్నది తిన్నట్టే ఉండిపోతుంది. వాంతి వచ్చేలా ఉంటే తీపి పానీయం ఆపి, తేలిక గేరులో అరగంట నెమ్మదిగా తొక్కు, ఒక్కొక్క గుక్క నీళ్లు తాగు. కడుపు కుదుటపడ్డాక చిన్న ముక్కలతో మళ్లీ మొదలుపెట్టు.

సీటు ఎత్తు ఇప్పుడు మార్చకు. సీటు పైపు ఫ్రేములోకి దిగే చోట చుట్టూ ఒక టేపు ముక్క అంటించు. గతుకుల్లో పైపు నెమ్మదిగా దిగిపోతుంటుంది, అర సెంటీమీటరు దిగినా నీకు తెలియదు, మోకాలికి మాత్రం తెలుస్తుంది. మోకాలి ముందువైపు నొప్పి మొదలైతే ముందు ఆ టేపు చూడు. నొప్పి వెనకవైపైతే సీటు ఎక్కువ ఎత్తులో ఉందేమో అనుమానించు. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతుంటే అరచేతిలో నరం నలుగుతోందన్నమాట. పది నిమిషాలకోసారి పట్టు మార్చు. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే ఒంటి బరువంతా చేతుల మీదికే జారుతుంది, దాన్ని సమంగా చెయ్యి. ఈ తిమ్మిరిని నిర్లక్ష్యం చేస్తే రైడ్ అయ్యాక కూడా వారాల తరబడి వదలదు.

రాత్రి పంక్చరైతే కంగారుపడకు. రోడ్డు దిగి పక్కకు వచ్చాకే చక్రం విప్పు, వెనక లైటు ఆర్పకు. ట్యూబు బయటికి లాగేముందు వాల్వు టైరులో ఎక్కడుందో గుర్తుపెట్టుకో. ట్యూబుకి గాలి కొట్టి చిల్లు కనిపెట్టాక, వాల్వు నుంచి దాని దూరాన్ని టైరు మీద కొలిస్తే గుచ్చుకున్నది ఎక్కడుందో దొరుకుతుంది. వెంట్రుకంత సన్నటి ఇనప తీగ కంటికి కనిపించదు. టైరు లోపల వేలు మెల్లగా చుట్టూ తిప్పితే తగులుతుంది. అది తీయకుండా కొత్త ట్యూబు వేస్తే కిలోమీటరు పోకముందే మళ్లీ దిగాల్సిందే. చిల్లు ట్యూబు లోపలి అంచున, రిమ్ వైపు ఉంటే తప్పు టైరుది కాదు, రిమ్ లోపల చుట్టే టేపుది. రెండు చిల్లులు పక్కపక్కనే ఉంటే గాలి తక్కువై గుంతలో ట్యూబు నలిగిందని అర్థం.

రెండు ట్యూబులు, ప్యాచులు, పంపు, టైరు లివర్లు, చైను విప్పే పనిముట్టు, నీ చైనుకు సరిపోయే జాయింటు లింకు, వెనక గేరును ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ ఒకటి, నాలుగు జిప్ టైలు (బిగించి కట్టే ప్లాస్టిక్ పట్టీలు) సరిపోతాయి. లైట్లు ముందు రెండు, వెనక రెండు. ఏ వెలుగులో వాడతావో అదే వెలుగులో ఇంట్లో ఒకసారి పూర్తిగా ఆరిపోయేదాకా వెలిగించి, ఎన్ని గంటలొచ్చిందో రాసుకో. పెట్టె మీద అచ్చేసిన గంటలు నమ్మకు.

ఏ కంట్రోల్ దగ్గర పడుకుంటావో, నిద్రకు ముందే అక్కడి స్టాంపు వేయించుకో. ఎప్పుడు లేవాలో వెనక నుంచి లెక్కకట్టు. తర్వాతి కంట్రోల్ 470వ కిలోమీటరు దగ్గరుంటే, గంటకు 15 కిలోమీటర్ల చొప్పున అది రైడ్ మొదలైన 31 గంటల 20 నిమిషాలకు మూసేస్తారు. నువ్వు 400 దగ్గర పడుకున్నావనుకో, మిగతా 70 కిలోమీటర్లకు, వేగం 17కి పడిపోయినా, 4 గంటల 10 నిమిషాలు చాలు. అదనంగా అరగంట ఉంచుకో. అంటే 26 గంటల 40 నిమిషాలకల్లా సైకిల్ మీద ఉండాలి. అలారాలు రెండు పెట్టు, ఫోన్ చేతికందనంత దూరంలో ఉంచు.

తెల్లవారుజామున మూడు నుంచి అయిదు దాకా జాగ్రత్త. సైకిల్ తెల్లగీత దాటి అటూ ఇటూ పోతోందన్నా, దాటొచ్చిన రెండు కిలోమీటర్లు గుర్తు లేవన్నా కళ్లు తెరిచే నిద్రపోతున్నావని అర్థం. కాఫీ కోసం ముందు ఊరిదాకా లాగకు, అక్కడికక్కడే ఆగు. రోడ్డుకి దూరంగా, వెలుతురున్న చోటు చూసుకుని 20 నిమిషాలు పడుకో. ఆ 20 నిమిషాలు మాత్రం వృథా కాదు బాబూ, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు తీసుకో. సమయం మించిపోతే పోనీ, వచ్చే ఏడాది మళ్లీ తొక్కొచ్చు.

ఆఖరి కంట్రోల్‌లో కార్డు ఇచ్చాక ఎంత హుషారుగా ఉన్నా బండీ కారూ నడపకు. ఇంటికి తీసుకెళ్లేందుకు ఎవరినైనా ముందే మాట్లాడి పెట్టుకో, లేదా అక్కడికి దగ్గర్లోనే గది తీసుకుని పడుకో. లేచాక ఒక్క ఫోన్ కొట్టు.

ఇట్లు,
మీ పెదనాన్న